ఆట ఆపుతున్న క్రీడాకారుడిని ఉద్యోగంలో నిలబెట్టడం: కోచ్‌లకు, ఇంటివాళ్లకు సమగ్ర మార్గదర్శి

“సార్, మావాడు ఆట మానేసినాడు. ఏదన్నా ఉద్యోగం చూడండి.” అనంతపురం పీటీసీ మైదానంలోనైనా, కర్నూలు అవుట్‌డోర్ స్టేడియంలోనైనా, కడప స్పోర్ట్స్ స్కూల్ గేటు దగ్గరైనా కోచ్‌లు తరచూ వినే మాట ఇది. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. మానేశాక అడుగుతున్నారు. ఆట వల్ల వచ్చే ఉద్యోగాల్లో చాలావాటికి అప్పటికే గడువు దాటిపోయి ఉంటుంది. ఆటతో సంబంధం లేని ఉద్యోగాలకు చదువూ కాగితాలూ సిద్ధంగా ఉండవు.

2025 మహిళల ప్రపంచకప్ గెలిచిన జట్టులోని కడప జిల్లా బౌలర్ శ్రీచరణికి రాష్ట్ర ప్రభుత్వం గ్రూప్‌-1 ఉద్యోగం ప్రకటించింది. ఆ స్థాయి వాళ్ల సంగతి ప్రభుత్వమే చూసుకుంటుంది. ఈ మార్గదర్శి వాళ్ల వెనకున్న వరుసకు: సీనియర్ నేషనల్స్ ఆడి, జాతీయ శిబిరాల దాకా వెళ్లి, 22 నుంచి 32 ఏళ్ల మధ్య ఎప్పుడో ఒకప్పుడు ఆపాల్సి వచ్చేవాళ్లకు. చదవాల్సింది ముఖ్యంగా వాళ్ల కోచ్, పీఈటీ సార్, అన్నో అక్కో. క్రీడాకారుడికి ఆఖరి సీజన్లో ఇవన్నీ చూసుకునే తీరికా ఉండదు, మనసూ ఉండదు.

1. ముందు వయసు లెక్క వేయండి

ఒక తెల్లకాగితం తీసుకుని పుట్టినతేదీ రాయండి. దాని పక్కన ఏ ఉద్యోగానికి ఏ వయసు దాకా అవకాశం ఉందో రాయండి. మిగతా పనులన్నీ ఈ కాగితాన్ని బట్టే నడుస్తాయి.

రైల్వే స్పోర్ట్స్ కోటా: 18 నుంచి 25 ఏళ్లు. ఇందులో ఏ వర్గానికీ వయసు సడలింపు లేదు. రాతపరీక్ష ఉండదు. 100 మార్కుల్లో 50 క్రీడాఘనతలకు, 40 మైదానంలో పెట్టే ట్రయల్స్‌కు, 10 చదువుకు. ట్రయల్స్‌లో 40కి కనీసం 25 రాకపోతే మిగతావి చూడనే చూడరు.

కేంద్ర ప్రభుత్వ గ్రూప్‌-సి పోస్టులు: ప్రతిభ గల క్రీడాకారులకు గరిష్ఠ వయసులో 5 ఏళ్ల వరకు, ఎస్సీ ఎస్టీలకు 10 ఏళ్ల వరకు సడలింపు ఉంటుంది.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలు: కొత్త క్రీడావిధానంతో క్రీడాకారుల రిజర్వేషన్ 2 నుంచి 3 శాతానికి పెరిగింది. 2025 మెగా డీఎస్సీలో (టీచర్ పోస్టుల భర్తీలో) స్పోర్ట్స్ కోటా పోస్టులకు రాతపరీక్ష లేకుండా క్రీడాఘనతల మీదే ఎంపిక జరిగింది. జనరల్ అభ్యర్థులకు గరిష్ఠ వయసు 44. పోస్టుకు కావలసిన చదువు మాత్రం ఉండి తీరాలి.

రైల్వేకు 25, డీఎస్సీకి 44. ఒకే పిల్లవాడికి ఒక దారి మూసుకుపోయినా ఇంకో దారి ఇంకా దాదాపు ఇరవై ఏళ్లు తెరిచే ఉంటుంది. ఈ తేడా తెలియక 26 ఏళ్లకే “కోటా అయిపోయింది” అని వదిలేసినవాళ్లు మన మూడు ఉమ్మడి జిల్లాల్లో (అనంతపురం, కర్నూలు, కడప) చాలామంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. స్పోర్ట్స్ కోటా అనేది ఆట ముగించినవాళ్లకు ఇచ్చే సన్మానం కాదు. రైల్వేకు కావలసింది రేపు తమ జట్టుకు ఆడేవాడు. అందుకే ప్రకటన వచ్చిన ఆర్థిక సంవత్సరం, దానికి ముందు రెండేళ్ల ఘనతలే చూస్తారు. మోకాలికి ఆపరేషన్ అయ్యి ఏడాది ఇంట్లో ఉన్నవాడు ట్రయల్స్‌కు వెళ్తే 25 మార్కులు తెచ్చుకోవడం కష్టం. ఆటలో ఫామ్ బాగున్నప్పుడే దరఖాస్తు పెట్టాలి.

వయసును బట్టి మొదటి పని:

- 22 లోపు: డిగ్రీ ఆగకుండా చూడటం, కాగితాలు సర్దడం.
- 23–25: రైల్వే ప్రకటన వచ్చిన ప్రతిసారీ దరఖాస్తు.
- 26–30: బీపీఎడ్ (వ్యాయామ విద్య డిగ్రీ) లేదా వేరే వృత్తి కోర్సు, సడలింపు ఉన్న కేంద్ర పోస్టులు, ప్రైవేటు ఉద్యోగం. మూడూ ఒకేసారి.
- 30 దాటితే: ముందు జీతమొచ్చే పని, తర్వాత చదువు. పింఛను అర్హత ఉందేమో కూడా చూడండి (8వ అంశం).

2. కాగితాల ఫైలు: ఇక్కడ తొందరపడొద్దు

పతకాలు షోకేసులో భద్రంగా ఉంటాయి. సర్టిఫికెట్లు బీరువా కింద ప్లాస్టిక్ సంచిలో, సగం చెమ్మ పట్టి ఉంటాయి. ఉద్యోగమిచ్చేది ఆ సంచే. ఒక ఆదివారం మొత్తం దీనికే కేటాయించండి.

మొదట అన్నిటినీ సంవత్సరాల వారీగా పేర్చి, ప్రతిదాని మీదా నాలుగు విషయాలు చూడండి: పేరు, తేదీ, పోటీ స్థాయి, సంతకం చేసినవారి హోదా.

కేంద్ర ఉద్యోగాలకు మామూలు సర్టిఫికెట్ చాలదు, నిర్ణీత నమూనాలో రాయించుకోవాలి. అంతర్జాతీయ పోటీలకు ఫారం‑1, దాని మీద జాతీయ సమాఖ్య కార్యదర్శి సంతకం. జాతీయ పోటీలకు ఫారం‑2, జాతీయ సమాఖ్య లేదా రాష్ట్ర సంఘం కార్యదర్శి. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఫారం‑3, యూనివర్సిటీ క్రీడావిభాగం డీన్ లేదా బాధ్యుడు. జాతీయ స్కూల్ గేమ్స్‌కు ఫారం‑4, రాష్ట్ర విద్యాశాఖలో పాఠశాల క్రీడలు చూసే డైరెక్టర్ స్థాయి అధికారి. శ్రీకృష్ణదేవరాయ, రాయలసీమ, యోగి వేమన, జేఎన్‌టీయూ తరఫున ఆడినవాళ్లు ఫారం‑3ను చదువు ముగిసే లోపే తీసుకోండి. నాలుగేళ్ల తర్వాత వెళ్తే కొత్త అధికారి పాత రికార్డులు వెతికించాలి, మీరు తిరగాలి.

సంఘాల కార్యదర్శులు కూడా మారుతుంటారు. సంఘంలో రెండు వర్గాలై కోర్టుకెక్కితే ఎవరి సంతకం చెల్లుతుందో చెప్పేవాడే ఉండడు. గొడవ మొదలవకముందే సంతకం చేయించుకోవడం ఉత్తమం.

పేర్ల తేడా మన దగ్గర పెద్ద తలనొప్పి. పదో తరగతి మెమోలో “షేక్” అని పూర్తిగా ఉంటుంది, సమాఖ్య సర్టిఫికెట్లో “ఎస్.కె.” అని పొడి అక్షరాలుంటాయి. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. “బోయ”, “కురుబ” లాంటివి ఆధార్‌లో చేరి మెమోలో లేకపోవడం కూడా మామూలే. ఇలాంటప్పుడు పదో తరగతి మెమోనే మూలం అనుకోండి. ఆధార్, బ్యాంకు ఖాతా, క్రీడా సర్టిఫికెట్లను దానికి సరిపోయేలా సరిదిద్దించుకోండి. దిద్దుబాటు సర్టిఫికెట్ ఇవ్వమని సంఘానికి రాతపూర్వకంగా అడిగి, ఆ అర్జీ నకలు మీ దగ్గర పెట్టుకోండి. అఫిడవిట్ ఒక్కటి చాలులే అని కూర్చుంటే ధ్రువపత్రాల పరిశీలన రోజున చుక్కలు కనబడతాయి.

ఇక అసలు చేదు విషయం. రుసుము కట్టించుకుని వేరే రాష్ట్రంలోనో నేపాల్‌లోనో నడిపే “నేషనల్స్”, “ఇంటర్నేషనల్స్” ఉంటాయి. అందరికీ పతకాలొస్తాయి. ఊళ్లో ఫ్లెక్సీలు కడతారు. ఆ సంస్థకు గుర్తింపు లేకపోతే ఆ సర్టిఫికెట్ ఉద్యోగానికి పనికిరాదు. కేంద్ర క్రీడాశాఖ, భారత ఒలింపిక్ సంఘం గుర్తింపు ఉందా అన్నది చూసుకుని, అనుమానం ఉంటే శాప్ (రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ) జిల్లా కార్యాలయంలో క్రీడాభివృద్ధి అధికారిని అడగండి. పనికిరానివాటిని ఫైలులోంచి తీసేయండి. మంచి సర్టిఫికెట్ల మధ్య ఇలాంటిది ఒకటి కనిపిస్తే మిగతావాటినీ అనుమానంగానే చూస్తారు.

ఫైలులో ఉండాల్సినవి:

☐ పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మెమోలు, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు
☐ కుల, నివాస ధ్రువపత్రాలు
☐ వర్తించే ఫారాలు, ఒక్కోదానికి కనీసం రెండు అసలు ప్రతులు
☐ పోటీ ఫలితాల పట్టిక లేదా జట్టు ఎంపిక ఉత్తర్వు నకలు
☐ గాయాలు, ఆపరేషన్ల డిశ్చార్జ్ సమ్మరీలు
☐ అన్నీ స్కాన్ చేసి ఫోన్‌లో, మెయిల్‌లో. డిజిలాకర్‌లో దొరికే క్రీడా సర్టిఫికెట్లు అందులోనే

3. చదువులో ఖాళీలు పూడ్చడం

శిబిరాల వల్ల పరీక్షలు తప్పినవాళ్లు ఎక్కువ. పది, ఇంటర్ ఆగిపోతే రాష్ట్ర ఓపెన్ స్కూల్, డిగ్రీకి ఇగ్నో. బ్యాక్‌లాగ్ సబ్జెక్టులు మిగిలిపోయి ఉంటే కొత్త డిగ్రీలో చేరేముందు పాతదే పూర్తి చేసే వీలుందా అని యూనివర్సిటీ పరీక్షల విభాగంలో కనుక్కోండి. రెండు సబ్జెక్టుల కోసం మూడేళ్లు మళ్లీ చదవడం దండగ.

వ్యాయామ విద్యలోకి వెళ్లాలంటే పీఈసెట్ రాయాలి. డిగ్రీ తర్వాత బీపీఎడ్ రెండేళ్లు, ఇంటర్ తర్వాత యూజీడీపీఎడ్ (వ్యాయామ విద్య డిప్లొమా) రెండేళ్లు. ప్రవేశపరీక్షలో శారీరక సామర్థ్యం, ఆట నైపుణ్యం చూస్తారు. అంటే ఇది కూడా ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే రాయాల్సిన పరీక్ష. కోచింగ్ వైపైతే పటియాలా ఎన్‌ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) ఏడాది డిప్లొమా. దానికి ఇప్పుడే తీరిక లేకపోతే వాళ్లదే ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు. ప్రైవేటు అకాడమీల్లో ఆరు వారాలది చెల్లుతుంది. ప్రభుత్వ కోచ్ పోస్టు మీద కన్నుంటే డిప్లొమానే చేయించండి.

వీటన్నిటికంటే ముందు మూడు చిన్న పనులు: ఎక్సెల్‌లో లెక్కలు రాయడం, తెలుగు–ఇంగ్లిష్ టైపింగ్, డ్రైవింగ్ లైసెన్స్. మూడు నెలల్లో అయిపోతాయి. మన ఊళ్లలో మొదటి ఉద్యోగం ఇచ్చేవాళ్లు డిగ్రీ కంటే ముందు అడిగేది ఇవే.

4. మాట ఎత్తడం ఎలా

“ఇంక చాల్లేప్పా, వయసైపోతాంది, ఏదన్నా పని చూసుకో.” ఇలా మొదలుపెడితే కథ అక్కడితో ముగుస్తుంది. పదేళ్లుగా తెల్లారి ఐదింటికి లేచినవాడికి ఆ మాట “నువ్వు పనికిరావు” అన్నట్టే వినపడుతుంది.

ఓడిన రోజు మాట్లాడొద్దు. ఎంపికలో పేరు రాని రోజు అసలే వద్దు. సీజన్ ముగిశాక, ఇద్దరే ఉన్నప్పుడు, ఆపడం గురించి కాకుండా తేదీ గురించి అడగండి. “ఇంకా ఎన్ని నేషనల్స్ ఆడాలనుకుంటున్నావు? సరే, రెండనుకుందాం. ఈ రెండేళ్లలో సాయంత్రం ఒక గంట దేనికిద్దాం?” అంటే ఆటను లాక్కున్నట్టు ఉండదు. పక్కన ఇంకో పని మొదలుపెట్టినట్టు ఉంటుంది.

తర్వాత ఇంటివాళ్లతో విడిగా మాట్లాడండి. మన పల్లెల్లో ఒక పిల్లవాడు ఇండియా శిబిరానికి వెళ్తే ఊరంతా వాడికి గవర్నమెంటు ఉద్యోగం వచ్చేసినట్టే లెక్క. వాడు ప్రైవేటు కంపెనీలో చేరితే “ఇంత ఆడింది దీనికా?” అంటారు. ఆ మాట ఎక్కువగా మేనమామో పెదనాన్నో అంటారు. వాళ్లకు ముందే చెప్పి ఉంచడం కోచ్ పని. అమ్మాయిల విషయంలో ఇంకో అడ్డంకి: ఆట ఆపిందని తెలిసిన నెలకే పెళ్లి మాటలు మొదలవుతాయి. “ఉద్యోగంలో చేరి ఏడాది అయ్యాక” అన్న మాట తల్లి నోటి నుంచి వచ్చేలా చూడండి. తల్లి ఒప్పుకుంటే మిగతావాళ్లు సర్దుకుంటారు.

నెల దాటినా నిద్ర పట్టకపోవడం, మైదానం వైపే వెళ్లకపోవడం, తాగుడు మొదలవడం కనిపిస్తే ఉద్యోగం మాట పక్కన పెట్టండి. మానసిక ఆరోగ్య సహాయ లైను టెలిమానస్ 14416కు ఫోన్ చేయించండి. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. రెజ్యూమె తర్వాత చూసుకోవచ్చు.

5. ఒళ్లు

సాధన ఒక్కసారిగా ఆపొద్దు. ఆరు నెలల నుంచి ఏడాది తీసుకుని మెల్లగా తగ్గించాలి. రోజుకు రెండు పూటలు చేసేవాళ్లు ముందు ఒక పూట, తర్వాత వారానికి నాలుగు రోజులు. తిండి కూడా దాంతోపాటే తగ్గాలి. పరుగు ఆగి సంగటి ముద్దలు మాత్రం అన్నే ఉంటే ఏడాదిలో నడుము కొలత మారిపోతుంది. బరువు తగ్గించుకుని పోటీ పడే జూడో, వెయిట్‌లిఫ్టింగ్, కుస్తీ వాళ్లకు ఈ చిక్కు మరీ ఎక్కువ. పాత గాయాలను ఉద్యోగంలో చేరకముందే ఎముకల డాక్టరుకు చూపించండి. రోజంతా నిలబడే పని చేయొచ్చా లేదా అన్నది ఆయన చెప్పాలి.

6. పని ఎంచుకోవడం: చేరేముందు రుచి చూడటం

అడిగితే పదిలో తొమ్మిదిమంది “కోచ్ అవుతా” అంటారు. వాళ్లు దగ్గర్నుంచి చూసిన ఉద్యోగం అదొక్కటే కాబట్టి. ఆడటం వచ్చినంత మాత్రాన నేర్పడం రాదు. ఏడేళ్ల పిల్లలు ఇరవైమందిని ఒక గంట అప్పగించి చూడండి. పావుగంటకే విసుక్కుంటే కోచింగ్ మాట మరిచిపోవచ్చు. గంట తర్వాత గొంతు పోయినా నవ్వుతూ వస్తే ఎన్‌ఐఎస్ దరఖాస్తు నింపండి.

మన మూడు జిల్లాల్లో నిజంగా దొరికే పనులు, వాటిలో నాకు తోచిన మంచిచెడ్డలు:

ప్రైవేటు స్కూలు పీఈటీ. త్వరగా దొరుకుతుంది. కానీ చేరాక బస్సు డ్యూటీ, వేసవిలో అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరగడం ఎక్కువ, మైదానం తక్కువ అని తేలుతుంది. వారానికి ఎన్ని పీరియడ్లు, వేసవి నెలల జీతం ఇస్తారా లేదా అన్నది చేరేముందే అడగండి. బీపీఎడ్ చేస్తూ రెండేళ్లు గడపడానికి బాగుంటుంది.

జిమ్ ట్రైనర్. పొద్దున ఐదు నుంచి పది, సాయంత్రం ఐదు నుంచి పది. మధ్యాహ్నం ఖాళీ, చదువుకోవచ్చు. పౌడర్లు అమ్మి కమిషన్ తీసుకోమనే చోటికి పంపొద్దు.

కంపెనీ ఉద్యోగాలు. పెనుకొండ దగ్గర కియా కర్మాగారం, దాని చుట్టూ వచ్చిన విడిభాగాల కంపెనీలు, కర్నూలు దగ్గర ఓర్వకల్లు పారిశ్రామిక ప్రాంతం. షిఫ్టు, టైము, పైవాళ్ల మాట వినడం క్రీడాకారులకు కొత్త కాదు. ఐటీఐ, డిప్లొమా ఉంటే మంచి విభాగంలో పడతారు. లేకపోతే గోడౌన్, సెక్యూరిటీ, ఉద్యోగుల రవాణా చూసే పనులు. శిబిరాల్లో పటియాలాలోనో భోపాల్‌లోనో ఉండి హిందీ నేర్చుకుని ఉంటారు. బయటి రాష్ట్రాల లారీ డ్రైవర్లతో, కాంట్రాక్టు కూలీలతో పనిచేసేచోట ఆ హిందీ చాలా విలువైనది. దాన్ని ఎవరూ రెజ్యూమెలో రాయరు.

బీమా, చిట్‌ఫండ్, రియల్ ఎస్టేట్ అమ్మకాలు. జాగ్రత్త. క్రీడాకారుడికి పరిచయాలు ఎక్కువని తీసుకుంటారు. చుట్టాలూ స్నేహితులూ అయిపోగానే టార్గెట్ అందదు, ఉద్యోగమూ ఉండదు, చుట్టరికమూ చెడుతుంది. జీతం లేకుండా కమిషన్ మాత్రమే అంటే వద్దనండి.

ఆసుపత్రులు, డయాగ్నస్టిక్ సెంటర్లలో ఫ్రంట్ ఆఫీసు. ఎక్కువమందికి తట్టని దారి. గాయాలతో ఎన్నో ఆసుపత్రులు తిరిగినవాళ్లకు రోగి బాధ తెలుసు, ఫిజియోథెరపీ మాటలు తెలుసు. కొందరు అక్కడే ఉండి చదువు కొనసాగిస్తారు.

ఇందులో రెండు ఎంచుకుని, ఒక్కోచోట ఆఫ్‌సీజన్‌లో రెండు వారాలు ఊరికే పనిచేసి చూడమనండి. యజమానిని కోచ్ వెళ్లి అడిగితే సాధారణంగా కాదనరు. రెండు వారాల తర్వాత “నచ్చిందా?” అని అడగొద్దు. “ఏ గంట గడవలేదు?” అని అడగండి. జవాబులో విషయం ఉంటుంది.

7. రెజ్యూమె, ఇంటర్వ్యూ

ధర్మవరం హాకీ అమ్మాయి ఒకామెకు పట్టుచీరల హోల్‌సేల్ కొట్టులో స్టాకు చూసే పని ఉందని తెలిసి, ముందు మా దగ్గర ఇంటర్వ్యూ అభ్యాసం చేయించాం. ఇలా సాగింది.

“నీ గురించి చెప్పమ్మా.”

“సార్, నేను నాలుగు సీనియర్ నేషనల్స్ ఆడినాను సార్.”

“సరే. ఇంకా?”

“అంతే సార్.”

కొట్టు యజమానికి సీనియర్ నేషనల్స్ అంటే ఏమిటో తెలియదు. తెలిసినా చీరల స్టాకుకు దాంతో పనేముంది? ప్రశ్న మార్చాం: “కెప్టెన్‌గా టీముతో ఊరికి పోయేటప్పుడు నువ్వేం చేస్తావు?”

“బండెక్కేముందు అందర్నీ లెక్కపెడతాను సార్. గుంతకల్లులో బండి మారాల గదా, పద్దెనిమిది కిట్లు, గోలీ ప్యాడ్లు వేరే. ఒక బ్యాగు తగ్గినా నన్నే అడుగుతారు. బెర్తు కన్ఫర్మ్ కానోళ్లను సర్దుతాను. డీఏ డబ్బులు మేనేజర్ మేడం నా చేతికిస్తుంది, పంచి సంతకాలు తీసుకుంటాను. ఇద్దరికి జ్వరమొస్తే మందులు తెచ్చి, వాళ్లింటికి ఫోన్ చేసింది కూడా నేనే.”

ఇది స్టాకు చూసేవాళ్లు చేసే పనే. సరుకు లెక్క, నగదు లెక్క, మనుషుల్ని సర్దడం. రెజ్యూమెలో ఇలా మారింది:

- 18 మంది జట్టుకు ప్రయాణ, వసతి ఏర్పాట్లు. సామగ్రి లెక్క, అప్పగింత
- రోజువారీ భత్యం పంపిణీ, సంతకాల రిజిస్టర్
- అత్యవసర సమయంలో వైద్య సహాయం, కుటుంబాలకు సమాచారం
- తెలుగు, హిందీ మాట్లాడగలరు

పతకాల జాబితా పేజీ చివర, మూడు వరుసల్లో. మొదటి పేజీ నిండా పతకాలే ఉంటే చదివేవాడు చప్పట్లు కొడతాడు, ఉద్యోగం ఇంకొకరికి ఇస్తాడు.

ప్రతి క్రీడాకారుడి దగ్గరా ఇలాంటివి ఉంటాయి. వాళ్లు వాటిని పనిగా లెక్కేయరు కాబట్టి చెప్పరు. బయటికి లాగడానికి నాలుగు ప్రశ్నలు: జట్టులో ఆట కాకుండా నీకు అప్పగించిన పనేంటి? నీ చేతుల మీదుగా ఎంత డబ్బు నడిచింది? గాయమైన తర్వాత తిరిగి రావడానికి రోజూ ఏం చేశావు? జూనియర్లకు ఏం నేర్పావు? వ్యక్తిగత క్రీడలవాళ్లు “నాకేం జట్టు లేదు సార్” అంటారు. వాళ్లను మూడో ప్రశ్న దగ్గర ఆపండి. బరువు, తిండి, నిద్ర ఏళ్లతరబడి డైరీలో రాసుకున్నవాళ్లు వాళ్లలోనే ఎక్కువ. ఆ డైరీ ఇంటర్వ్యూకు తీసుకెళ్లమనండి.

కోచ్ ఇచ్చే ఉత్తరం కూడా దిద్దాలి. “ఇతను క్రమశిక్షణ గల మంచి క్రీడాకారుడు, ఇతని భవిష్యత్తు ఉజ్జ్వలంగా ఉండాలి” అని అందరికీ ఒకటే రాస్తారు. దానికి బదులు: ఎన్నేళ్లుగా తెలుసు, ఏ బాధ్యత అప్పగించారు, దాన్ని ఎలా చేశారు, ఎప్పుడైనా ఫోన్ చేసి అడగొచ్చు. ఐదు వాక్యాలు చాలు. నిజంగా ఫోన్ వస్తుంది, ఎత్తండి.

ఇంటర్వ్యూలో తప్పక వచ్చే ప్రశ్న: “టోర్నమెంటు ఉందంటూ సెలవు పెడతావా?” దానికి తేదీతో జవాబు సిద్ధం చేయించండి. “ఫలానా నెలతో పోటీలు ఆపేశాను. ఆదివారం ఆడుకుంటాను, డ్యూటీ రోజుల్లో కాదు.” నీళ్లు నమిలితే అక్కడే పోతుంది.

8. డబ్బు, పథకాలు: క్లుప్తంగా

రీసెట్: కేంద్ర క్రీడాశాఖ 2024 ఆగస్టు 29న ప్రారంభించిన కార్యక్రమం. క్రియాశీల ఆట ఆపిన 20–50 ఏళ్లవాళ్లకు వృత్తి శిక్షణ. గుర్తింపు ఉన్న రాష్ట్రస్థాయి పోటీల పతక విజేతలూ అర్హులే. ఇంటర్ పాసైనవాళ్లకు, పదకొండో తరగతి లేదా అంతకంటే తక్కువ చదివినవాళ్లకు వేర్వేరు కోర్సులున్నాయి. ఆన్‌లైన్ చదువు, మైదానంలో శిక్షణ, ఇంటర్న్‌షిప్ కలిపి ఉంటాయి. చదువు తక్కువైనవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే.

పింఛను: ఒలింపిక్స్, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు, ఆసియా, కామన్వెల్త్ క్రీడల పతక విజేతలకు, ఆట ఆపి ఉండి, వయసు 30 నిండాక. 2018 సవరణ ప్రకారం ఆసియా, కామన్వెల్త్ స్వర్ణానికి నెలకు 14,000, రజత, కాంస్యాలకు 12,000 రూపాయలు. దరఖాస్తు చేసుకుంటేనే వస్తుంది.

సొంత అకాడమీ, స్పోర్ట్స్ షాపు: పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం) కింద సేవారంగానికి 20 లక్షల ప్రాజెక్టు దాకా సబ్సిడీతో రుణం ఉంది. జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగాలి. కానీ మొదటి ఉద్యోగంగా అకాడమీ పెట్టించొద్దు. పరీక్షల నెలల్లో పిల్లలు రారు, అద్దె మాత్రం నెలనెలా కట్టాలి. రెండేళ్లు ఇంకొకరి దగ్గర జీతానికి చేసి, ఫీజులు ఎప్పుడు వస్తాయో ఎప్పుడు ఆగుతాయో చూశాక ఆలోచించొచ్చు. ప్రోత్సాహక నగదు వచ్చి ఉంటే అందులో ఆరు నెలల ఇంటిఖర్చు వేరే ఖాతాలో వేయించండి. మిగతాది ఇల్లు, స్థలం, చెల్లెలి పెళ్లి అంటూ ఎలాగూ కరిగిపోతుంది.

9. మొదటి ఆరు నెలలు

ఉద్యోగంలో చేర్పించి చేతులు దులుపుకుంటే సగం పనే అయినట్టు. మానేసేవాళ్లు ఎక్కువగా మూడో నెల చుట్టుపక్కల మానేస్తారు. కారణాలు, చేయాల్సినవి:

చిన్నవాడి కింద పనిచేయాల్సి రావడం. 28 ఏళ్లవాడికి 24 ఏళ్ల సూపర్‌వైజర్. “నేను ఇండియా క్యాంపుకు పోయినోడిని, వీడు నాకు చెప్పేదా?” ముందే చెప్పి ఉంచండి: జాతీయ జట్టులోకి మొదటిసారి వెళ్లినప్పుడు కూడా బ్యాగులు మోసింది నువ్వే.

ఎలా చేస్తున్నాడో ఎవరూ చెప్పకపోవడం. ఆటలో ప్రతిరోజూ కోచ్ చెబుతాడు, స్కోరు చెబుతుంది. ఆఫీసులో నెలలు గడిచినా ఎవరూ ఏమీ అనరు. ఆ మౌనాన్ని తిట్టుగా తీసుకుంటారు. నెలకోసారి పైఅధికారిని “ఏం మార్చుకోవాలి సార్?” అని అడగడం నేర్పండి.

జీతం. పన్నెండు, పదిహేను వేల దగ్గర మొదలవుతుంది. ఒక్క టోర్నీలో అంత ప్రైజ్‌మనీ చూసినవాళ్లకు చిన్నగా కనిపిస్తుంది. ఏడాదికి కలిపి లెక్క వేసి చూపించండి. ప్రైజ్‌మనీ ఎన్ని నెలలు రాలేదో వాళ్లకే గుర్తొస్తుంది.

వేదికలు. స్కూలు వార్షికోత్సవాలకు, నాయకుల సభలకు పిలుస్తూనే ఉంటారు. శాలువా కప్పించుకోవడానికి నెలకు మూడు సెలవులు పెడితే ఉద్యోగం నిలవదు. మొదటి ఆరు నెలలు ఆదివారం సభలకే ఒప్పుకోమనండి.

ఆట పూర్తిగా వదిలేయడం. ఇది కూడా తప్పే. వారానికి ఒకసారైనా మైదానానికి రమ్మనండి, జూనియర్లతో ఒక గంట ఆడనివ్వండి. ఉద్యోగంలో చేరి మైదానం ముఖం చూడనివాళ్లకంటే ఆదివారం వచ్చేవాళ్లే పనిలో నిలబడటం చూశాను.

కోచ్ చేయాల్సిన ఫోన్లు:

☐ మొదటి వారం: ఇల్లు, ప్రయాణం, భోజనం కుదిరాయా
☐ నెల తర్వాత: జీతం చెప్పినంత పడిందా, పీఎఫ్ ఉందా
☐ మూడో నెల: ఈసారి ఫోన్ కాదు, వెళ్లి కలవండి
☐ ఆరో నెల: యజమానితో మాట్లాడండి, ఇంకో క్రీడాకారుడిని తీసుకుంటారేమో అడగండి

మూడో నెలలో మానేసి వచ్చేస్తే తిట్టొద్దు. మానడానికి కారణం పనా, మనిషా, జీతమా, దూరమా అని ఒక కాగితం మీద రాయించండి. పనే నచ్చకపోతే 6వ అంశానికి వెళ్లి ఇంకో పని రుచి చూపించండి. మనిషి కారణమైతే అదే పని ఇంకోచోట వెతకండి, అనుభవం మూడు నెలలే అయినా రెజ్యూమెలో చేర్చండి. దూరమే కారణమైతే ఊరికి దగ్గర్లో తక్కువ జీతానికైనా చూడొచ్చు. ఆ వారంలోనే మొదలుపెట్టండి. రెండు నెలలు ఖాళీగా ఇంట్లో కూర్చున్నాక మళ్లీ కదిలించడం మొదటిసారికంటే కష్టం.